ఏనాటి ఇంజను?

ఆవిరి ఇంజను నమూనాల్లో రెండు రకాలున్నాయి. మొదటిది ఇంజనులా కనిపిస్తే చాలు. ముందు పొగగొట్టం, నడుమ గుండ్రటి బాయిలరు, వెనక బొగ్గు మోసే టెండరు, కింద చక్రాలు ఉంటాయి. పిల్లల చేతిలోకైనా షోకేసులోకైనా అది సరిపోతుంది. రెండో రకానికి ఒక నంబరు ఉంటుంది, అది పనిచేసిన షెడ్డు ఉంటుంది, అన్నిటికీ మించి ఒక తేదీ ఉంటుంది. ఫలానా నంబరు ఇంజను ఫలానా సంవత్సరం ఎండాకాలంలో ఎలా ఉందో అలా చెయ్యాలన్నది రెండో రకం వాళ్ల పంతం. ఆవిరి ఇంజన్లు ఎలా పనిచేస్తాయో తెలిస్తే మొదటి రకం చెయ్యవచ్చు. రెండో రకానికి ఒక్క ఇంజను జీవితచరిత్ర తెలియాలి. ఈ పని బ్రిటన్‌లో వందేళ్లకు పైగా సాగుతోంది. కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఎక్కువ.

లెక్క స్కేలుతో మొదలవుతుంది. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడేది అడుగుకు 4 మిల్లీమీటర్ల స్కేలు, అంటే అసలులో 76.2వ వంతు. 70 అడుగుల ఎక్స్‌ప్రెస్ ఇంజను దీంట్లో 28 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. 6 అడుగుల 8 అంగుళాల చక్రం 26.67 మిల్లీమీటర్లవుతుంది. ఇంతవరకు చేతికి లొంగే కొలతలే. పావు అంగుళం మందమున్న క్యాబ్ రేకు దగ్గరికొచ్చేసరికి 0.08 మిల్లీమీటరు వస్తుంది. అంత పలచని రేకుతో క్యాబ్ కడితే వేలు తగిలినా సొట్ట పడుతుంది. పనివాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. రేకు మందం కంటికి తెలిసేది అంచుల దగ్గరే. మిగతా రేకును మందంగానే ఉంచి, కిటికీల చుట్టూ, పైకప్పు కొసన మాత్రం లోపలివైపు నుంచి ఆకురాయితో రాసి పలచన చేస్తారు. చూసేవాడి కన్ను ఆ అంచును చూసి మొత్తం రేకు పలచనే అనుకుంటుంది. ఈ విద్యలో సగం ఇలా నమ్మించడమే.

స్కేలు ఒక్కటే అయితే పేచీ ఉండేది కాదు. పట్టాల మధ్య దూరం, అంటే గేజి, దగ్గర బ్రిటన్ నమూనాలు తొలి రోజుల్లోనే ఒక అబద్ధానికి ఒప్పుకున్నాయి. ఐరోపాలో అడుగుకు 3.5 మిల్లీమీటర్ల స్కేలుకు 16.5 మిల్లీమీటర్ల పట్టా స్థిరపడింది. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. బ్రిటన్‌లో వంతెనలు, సొరంగాలు ఇరుకు కాబట్టి అక్కడి ఇంజన్లు ఐరోపావాటికన్నా సన్నం. ఆనాటి విద్యుత్ మోటార్లు ఆ సన్నని బాయిలర్లలో పట్టలేదు. అందుకని ఇంజను ఒళ్లు 4 మిల్లీమీటర్ల స్కేలుకు పెంచి, పట్టాను మాత్రం 16.5 దగ్గరే వదిలేశారు. 4 అడుగుల 8½ అంగుళాల ప్రామాణిక గేజి ఈ స్కేలులో 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. 16.5 అంటే 4 అడుగుల 1½ అంగుళాలే. పక్కనుంచి చూస్తే ఈ తేడా తెలియదు. ఎదురుగా నిలబడి చూస్తే మాత్రం చక్రాలు పొట్ట కిందికి ముడుచుకున్నట్టు కనిపిస్తాయి.

దీన్ని సహించలేనివాళ్లు మొదట 18కి, తర్వాత 18.2కి పట్టా వెడల్పు చేశారు. 1960ల్లో కొందరు మొండిగా 18.83కే వెళ్లారు. అక్కడినుంచి ఒక నిజం ఇంకో నిజాన్ని అడగడం మొదలవుతుంది. చక్రాలు బయటికి జరిగాయి కాబట్టి వాటికీ సిలిండర్ల వెనక ఆడే కడ్డీలకూ మధ్య సందు తగ్గిపోయింది. అందుకని చక్రం పట్టీ మందం కూడా అసలు కొలతకే తగ్గించాలి. పట్టా లోపలి అంచును పట్టుకునే ఫ్లాంజ్ అసలులో 28 మిల్లీమీటర్ల చిల్లర, నమూనాలో 0.37. అంత చిన్న అంచుతో పట్టాలో వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉన్నా ఇంజను పడిపోతుంది. కాబట్టి ప్రతి ఇరుసుకీ అసలు ఇంజనులో లాగే స్ప్రింగు ఉండాలి, లేదంటే ఒక చక్రం దిగితే ఇంకోటి లేచే సమతూకపు ఏర్పాటైనా ఉండాలి. మలుపులూ విశాలం చెయ్యాలి. బజారులో దొరికే పట్టాల్లో బాగా వాడుకలో ఉన్న ఒక వంపుకి వ్యాసార్ధం 438 మిల్లీమీటర్లు. అసలు లెక్కలో అది 33 మీటర్లు. ఏ ఎక్స్‌ప్రెస్ ఇంజనూ అంత బిగుతు మలుపు తిరగలేదు. రెండు మిల్లీమీటర్ల చిల్లర సరిదిద్దబోయినవాడు చివరికి గదే మార్చుకోవలసి వస్తుంది. 16.5 దగ్గర ఆగిపోయినవాళ్లను తక్కువగా చూసే అలవాటు ఈ రంగంలో కొందరికుంది. అది అన్యాయం. అందమైన ఇంజన్లు ఎన్నో ఆ ఇరుకు పట్టా మీదే నడిచాయి.

ఇక తేదీ సంగతి. లండన్–ఎడిన్‌బరో దారిలో నడిచిన 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' ఇంజనును తీసుకుంటే ఈ చిక్కు పూర్తిగా అర్థమవుతుంది. నైజెల్ గ్రెస్లీ రూపొందించిన ఈ 4-6-2 చక్రాల వరస ఉన్న ఇంజను 1923 ఫిబ్రవరిలో డాంకాస్టర్ వర్క్‌షాపు నుంచి 1472 నంబరుతో బయటికొచ్చింది. అప్పుడు అది ఏ1 తరగతి. బాయిలరు పీడనం చదరపు అంగుళానికి 180 పౌన్లు. డ్రైవరు కుడివైపు నిలబడేవాడు. 1924లో వెంబ్లీ ప్రదర్శనకు వెళ్లేనాటికి నంబరు 4472 అయింది. 1928లో లండన్ నుంచి ఎడిన్‌బరోకి ఎక్కడా ఆగకుండా బండి నడపాలనుకున్నారు. దారిలో సిబ్బంది మారాలి కదా, టెండరులోంచి 18 అంగుళాల వెడల్పు, 5 అడుగుల ఎత్తున ఒక సందు తవ్వారు. ఒంగి నడుస్తూ కొత్త జట్టు రైలు పెట్టెలోంచి ఇంజనులోకి వచ్చేది. అంటే టెండరు ఆకారమే మారిపోయింది. 1934 నవంబరు 30న ఇదే ఇంజను గంటకు 100 మైళ్ల వేగాన్ని నమోదు చేసింది. యుద్ధకాలంలో ఆకుపచ్చ పోయి నల్లరంగు వచ్చింది. 1946లో నంబరు రెండుసార్లు మారి 103 దగ్గర నిలిచింది. 1947 జనవరిలో 220 పౌన్ల బాయిలరు పెట్టి ఏ3 తరగతికి మార్చారు. రైల్వేలు జాతీయమయ్యాక, 1948లో నంబరు 60103 అయింది. 1954లో డ్రైవరు ఎడమవైపుకి మారాడు. 1959 మొదట్లో జంట పొగగొట్టం పెట్టారు. దాంతో పొగ మెత్తగా వెలువడి, పైకి లేవకుండా బాయిలరు వెంట పాకి డ్రైవరు కళ్లకు అడ్డం వచ్చేది. అందుకని 1961లో ముందు రెండు పక్కలా జర్మన్ పద్ధతి పొగ రేకులు బిగించారు. 1963 జనవరిలో ఉద్యోగ విరమణ.

ఇవన్నీ కంటికి కనబడే మార్పులు. ఏ3 అయ్యాక పొగపెట్టె పక్కల రెండు దీర్ఘచతురస్రపు మూతలు వచ్చాయి. లోపల ఆవిరిని మరింత వేడెక్కించే గొట్టాల పెట్టె వెడల్పయి బయటికి పొడుచుకొచ్చింది కాబట్టి ఆ మూతలు. 1930ల 4472కి ఆ మూతలు పెడితే తప్పు, 1950ల 60103కి పెట్టకపోతే తప్పు. బాయిలరు మీది డోమ్ మొదట గుండ్రటిది, తరువాతి బాయిలర్లలో వెనక్కి సాగిన బ్యాంజో ఆకారం. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ నమూనా చేస్తున్నానని ఎవరైనా అంటే, తెలిసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏ సంవత్సరానిదనే. పొగ రేకులు కావాలనుకుంటే ఆకుపచ్చ 4472ని వదులుకోవాలి. వంద మైళ్ల నాటి ఇంజను కావాలంటే ఒంటి పొగగొట్టం, కుడివైపు డ్రైవరు తప్పవు.

పేచీ అక్కడితో ఆగదు. అసలు ఇంజను ఇప్పటికీ ఉంది కదా, వెళ్లి టేపు పెట్టి కొలుచుకోవచ్చు కదా అనిపిస్తుంది. 1963లో అలన్ పెగ్లర్ అనే ఆయన దాన్ని కొని కాపాడాడు. పొగ రేకులు, జంట పొగగొట్టం తీయించి, పాత లేత ఆకుపచ్చ వేయించి, 4472 అని రాయించాడు. జనం చప్పట్లు కొట్టారు. కాని అది ఏ3 బాయిలరుతో, ఎడమవైపు డ్రైవరుతో ఉన్న 4472. రైల్వే కొలువులో ఉన్న నలభై ఏళ్లలో ఆ ఇంజను ఏనాడూ అలా లేదు. దారిలో నీళ్లు పట్టే సౌకర్యాలు పోతున్నాయని 1966లో రెండో టెండరు కూడా తగిలించారు. 1993లో జంట పొగగొట్టం, పొగ రేకులు తిరిగొచ్చాయి. 2004లో యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియం కొంది. పెద్ద మరమ్మతు తర్వాత 2016లో ముదురు ఆకుపచ్చతో 60103గా పట్టాలెక్కింది. కాపాడబడిన ఇంజను కూడా తన గతానికి చేసిన ఒక నమూనాయే, పూర్తి పరిమాణంలో చేసినది. దాన్ని కొలిచి 1934 నమూనా చేసినవాడు నకలుకు నకలు చేసినట్టు. అసలు అని చెప్పుకునేది పట్టాల మీద ఎక్కడా లేదు. కాగితాల్లోనూ ఫొటోల్లోనూ ముక్కలుగా ఉంది.

ముక్కలు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. పెద్ద మరమ్మతుకు వర్క్‌షాపుకు వచ్చిన ఇంజను మళ్లీ తన బాయిలరుతోనే వెళ్లాలని లేదు. ఫ్రేములు, చక్రాలు బాగుచేయడానికి పట్టే కాలం కన్నా బాయిలరు బాగుచేయడానికి ఎక్కువ కాలం పడుతుంది. అంతకాలం ఇంజనును ఖాళీగా నిలబెట్టడం దండగ. అందుకని అదనపు బాయిలర్లు సిద్ధంగా ఉంచుకుని, ఏది తయారుగా ఉంటే అది ఎక్కించి పంపేవారు. టెండర్లూ అంతే. కాబట్టి ఇంజను నంబరు ఫ్రేములకే గాని మొత్తం శరీరానికి కాదు. విలియం స్టానియర్ రూపొందించిన 'బ్లాక్ ఫైవ్' తరగతి ఈ విషయంలో నమూనాకారులకు పెద్ద పరీక్ష. 1934 నుంచి 1951 దాకా 842 ఇంజన్లు, ఐదు చోట్ల తయారయ్యాయి. మొదటి 225 ఇంజన్లు డోమ్ లేని బాయిలర్లతో వచ్చాయి. తర్వాతివాటికి డోమ్ వచ్చింది. ఆపైన బాయిలర్ల మార్పిడితో, మొదట డోమ్ లేకుండా వచ్చినవాటిలో కొన్నింటికి అదీ అమరింది. సిలిండర్లలోకి ఆవిరిని వదిలే వాల్వు గేర్లలో తేడాలున్నాయి. 44767 నంబరు ఒక్కదానికే బయటివైపు స్టీఫెన్‌సన్ లింకు అనే రకం గేరు ఉంది. దూరంనుంచి చూస్తే 842 నల్ల ఇంజన్లూ ఒకటే. దగ్గరికెళ్తే రెండు ఇంజన్లు కలవవు. ఈ తరగతి మీద నోట్‌బుక్కులు నింపుకున్నవాళ్లను చూసి నవ్వేముందు, ఆ తేడాల్లో ప్రతి ఒక్కటీ ఏదో వర్క్‌షాపులో ఎవరో ఆలోచించి తీసుకున్న నిర్ణయమని గుర్తు పెట్టుకోవాలి.

ఆధారాల్లో అందరూ ముందు నమ్మేది వర్క్‌షాపు డ్రాయింగు. అందులో ఉన్నది ఇంజను ఎలా ఉండాలని అనుకున్నారో అది. గొట్టాలు ఎక్కడ వంచి తీసుకెళ్లాలో చాలాచోట్ల ఫిట్టరు తన ఎదురుగా ఉన్న ఇనుమును చూసి తేల్చుకునేవాడు. ఫొటో ఇంకాస్త నిజం చెబుతుంది, కాని దాని అబద్ధాలు దానికున్నాయి. కొత్త ఇంజనుకు ఫ్యాక్టరీలో తీసే అధికారిక ఫొటో కోసం బూడిదరంగు వేసేవారు, వివరాలు స్పష్టంగా పడతాయని. తర్వాత అసలు రంగు వేసేవారు. పాతకాలపు ఫొటో పలకలకు ఎరుపు అంటే గుడ్డి, నీలం అంటే మక్కువ. ఎర్ర పట్టీ నల్లగా, నీలం తెల్లగా పాలిపోయి పడతాయి. ఆ ఫొటో చూసి రంగు నిర్ణయించడం ప్రమాదం. ఫొటో వెనక రాసిన తేదీనీ ఊరికే నమ్మరు. టెండరు మీది చిహ్నం చూస్తారు. జాతీయమైన రైల్వేల తొలి చిహ్నంలో సింహం చక్రం మీద నిలబడి ఉంటుంది. 1956లో వచ్చిన రెండో చిహ్నంలో కిరీటంలోంచి లేచిన సింహం చక్రం పట్టుకుని ఉంటుంది. ఆ రెండో సింహం మొదట్లో ఇంజను రెండు పక్కలా ముందుకే చూసేది. రాజచిహ్నాల సంస్థ మంజూరు చేసింది ఎడమకి చూసే సింహాన్ని మాత్రమే. అందుకని కుడిపక్క సింహాన్ని తర్వాత వెనక్కి తిప్పవలసి వచ్చింది. ఒక్క సింహం ముఖం చూసి ఫొటో ఏ కాలానిదో చెప్పేవాళ్లున్నారు.

అన్నిటికన్నా పెద్ద లోటు పైభాగం. ఫొటోలు తీసేవాళ్లు ప్లాట్‌ఫారం మీదో కట్ట పక్కనో నిలబడేవారు. నమూనా మాత్రం బల్ల మీద ఉంటుంది, చూసేవాడు పైనుంచి చూస్తాడు. క్యాబ్ కప్పు మీది రివెట్లు, టెండరు మీది నీళ్ల మూత, బొగ్గు వెనకాల అడ్డుపలక నమూనాలో ముందుగా కంటపడేవి. వాటికే ఫొటోలు తక్కువ. పాదచారుల వంతెన మీదినుంచి ఎవరో సరదాకి తీసిన వంకర ఫొటో ఒక్కోసారి అధికారిక ఫొటోలు పది కన్నా విలువైనదవుతుంది.

ఇక చేతిపని. రేకులకు ఇత్తడి, జర్మన్ సిల్వర్ అనే మిశ్రమలోహం వాడతారు. ఆమ్లంతో చెక్కిన రేకులు ఇప్పుడు కిట్లుగా దొరుకుతాయి. రివెట్ల చోట వెనకవైపు సగం లోతు గుంటలుంటాయి. మొనతో నొక్కితే ఇవతలివైపు చిన్న బొడిపె లేస్తుంది. ఒక టెండరుకి అలాంటివి వందలు నొక్కాలి. ఒక్కటి గట్టిగా నొక్కితే వరస చెడుతుంది. జర్మన్ సిల్వర్‌లో వేడి ఇత్తడిలో అంత త్వరగా పాకిపోదు, అందువల్ల టంకం వేసే చోటే వేడి నిలుస్తుంది. తెలిసిన పనివాళ్లు దాన్నే ఇష్టపడడానికి కారణం అదే. టంకాలు కూడా ఒకటి కాదు. 188 డిగ్రీలకు కరిగేది, 145కి కరిగేది, తెల్లలోహపు భాగాలకు 70కే కరిగేది ఉంటాయి. ఎక్కువ వేడికి కరిగేది ముందు, తక్కువది తర్వాత వేస్తే కొత్త అతుకు వేస్తున్నప్పుడు పాత అతుకు ఊడిపోదు. ఈ వరస తప్పితే నిన్నటి పనంతా ఇవాళ బల్ల మీద పడుతుంది. పొగగొట్టం, డోమ్, విజిలు వంటివి మైనపు అచ్చు కరిగించి పోసిన ఇత్తడి ముక్కలుగా వస్తాయి. ఆ మైనపు పోత మన కంచరుల విద్యకు దూరమైనది కాదు.

చట్రం దగ్గర కొలత తప్పితే ఇంక దాచుకోవడం కుదరదు. చక్రాల్ని కలిపే కడ్డీలో బెజ్జాల మధ్య దూరం, ఫ్రేములో ఇరుసుల మధ్య దూరం ఒకటే ఉండాలి. కొలిచి వేసే బదులు కడ్డీనీ ఫ్రేమునీ కలిపి టంకం పెట్టి ఒకేసారి బెజ్జం వేసేయడం పాత పద్ధతి. అప్పుడు కొలత తప్పినా రెండింట్లోనూ ఒకే తప్పు ఉంటుంది, ఇంజను నడుస్తుంది. తర్వాత చక్రాల క్రాంకులను సరిచేయాలి. రెండు సిలిండర్ల ఇంజనులో కుడి క్రాంకు ఎడమదానికి 90 డిగ్రీల ఎడంలో ఉంటుంది. మూడు సిలిండర్లున్న ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌లో బయటి రెండిటి మధ్య 120 డిగ్రీలు. చాలా నమూనాల్లో దీన్ని కూడా 90కే పెడతారు. ఎందుకంటే ఒకేసారి రెండు పక్కలా చూడగలిగే మనిషి లేడు. అయినా 120కే పెట్టేవాళ్లున్నారు. ఎవరికీ కనబడని ఈ నిజాన్ని ఎవరి కోసం కాపాడుతున్నట్టు? జవాబు చెప్పరు. కాని వాళ్ల ఇంజన్లలో మిగతా పని చూస్తే జవాబు తెలుస్తుంది. కనబడనిదాన్ని వదిలేయని చేతులు కనబడేదాన్నీ వదలవు.

వాల్‌షర్ట్స్ వాల్వు గేరులో మాత్రం తప్పు చేస్తే వెంటనే దొరికిపోతారు. ముఖ్య క్రాంకు కొసన చిన్న ఎదురు క్రాంకు ఒకటి ఉంటుంది. అది ఊపే కడ్డీ మీటలన్నిటినీ ఆడించి, ఆవిరి ఎప్పుడు ఏ పక్క సిలిండరులోకి వెళ్లాలో నిర్ణయిస్తుంది. ఈ ఇంజన్లలో ముఖ్య క్రాంకు కిందికి దిగినప్పుడు ఎదురు క్రాంకు ముందుకి వాలాలి. నమూనాల్లో అది వెనక్కి వాలి ఉండడం ఎంత మామూలో, తెలిసినవాళ్లు గది అవతలినుంచే దాన్ని పట్టేయడం అంత మామూలు. అసలు ఇంజనులో అది తప్పితే బండి ముందుకి పోవలసినచోట వెనక్కి పోతుంది. నమూనాలో మోటారు దేన్నైనా తిప్పుతుంది. అందుకే నమూనాలో గేరు పనిముట్టుగా కాక వేషంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. అది ఎందుకు కదులుతుందో తెలిసి పెట్టినవాడి గేరు సరిగ్గా ఉంటుంది, బొమ్మ చూసి పెట్టినవాడిది తిరగబడుతుంది.

అందరూ ఇత్తడి కోసుకోనక్కరలేదు. ఫ్యాక్టరీలో తయారైన ప్లాస్టిక్ ఇంజనునే తీసుకుని నిజానికి దగ్గర చేసేవాళ్లే ఎక్కువ. ఒంటికి అంటుకుపోయిన చేతికడ్డీలను చెక్కేసి సన్నని తీగ బిగిస్తారు. మలుపుల కోసం ఇంజనుకీ టెండరుకీ మధ్య వదిలిన సందును తగ్గిస్తారు. దీపాల కొక్కేలు, బ్రేకు గొట్టాలు, చెక్కిన ఇత్తడి పేరుపలకలు తగిలిస్తారు. డ్రైవరునీ ఫైర్‌మన్‌నీ నిలబెడతారు. టెండరులో ప్లాస్టిక్ బొగ్గు తీసి నిజం బొగ్గునే దంచి పోస్తారు. బొగ్గు గడ్డ ఎంత చిన్నగా పగిలినా ఆ పగులు తీరు బొగ్గుదే. కాబట్టి ఇది స్కేలుకు సులువుగా లొంగుతుంది. నీళ్లు, పొగ లొంగవు. నీటిబొట్టు 76వ వంతుకి తగ్గదు. పొగ యంత్రాలు పెట్టిన ఇంజన్లు కొన్ని ఉన్నాయి. ఊదుబత్తి వెలిగించినట్టుంటుంది తప్ప ఎక్స్‌ప్రెస్ ఇంజను పొగలా ఉండదు. వాటిని పెట్టకపోవడమే మేలు.

రంగులోనూ కొలతలున్నాయి. దూరం పెరిగే కొద్దీ గాలిపొర అడ్డుపడి రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. నమూనాను అడుగు దూరం నుంచి చూసినా, మనసు దాన్ని 76 అడుగుల దూరంలోని ఇంజనుగా తీసుకుంటుంది. అందుకే అసలు రంగు డబ్బా తెచ్చి నేరుగా పూస్తే నమూనా మరీ ముదురుగా ఉంటుంది. కాస్త తెలుపు కలపాలి. ఎంత అన్నది కంటి తీర్పు, దానికి సూత్రం లేదు. బాయిలరు పట్టీల మీది గీతలు వెయ్యడానికి రెండు నాలుకల మధ్య రంగు నింపే పాతకాలపు డ్రాయింగు కలం ఇప్పటికీ వాడతారు. అర అంగుళం గీత ఇక్కడ 0.17 మిల్లీమీటరు. ఆపైన మురికి. షెడ్డు మురికిలో కూడా వరస ఉంటుంది. బాయిలరు కడిగే బెజ్జాల నుంచి కారిన నీటిలోని సున్నం తెల్లచారలుగా దిగుతుంది. కడ్డీల మీద నూనె, చక్రాల దగ్గర బ్రేకు పొడి, పొగపెట్టె తలుపు కింద బూడిద. 1930ల్లో పేరున్న ఎక్స్‌ప్రెస్ ఇంజనును రోజూ తుడిచే కుర్రాళ్లు ఉండేవాళ్లు. 1960ల్లో ఆ పనికి మనుషులు దొరకలేదు. మురికి ఎంత పూయాలన్నదీ చివరికి తేదీ ప్రశ్నే.

నడిపించడం మొదలుపెట్టగానే ప్రకృతి ఎదురు తిరుగుతుంది. పొడవు 76వ వంతుకి తగ్గితే బరువు దాని ఘనానికి, నాలుగు లక్షల నలభై రెండు వేల చిల్లరో వంతుకి తగ్గుతుంది. 96 టన్నుల ఏ3 ఇంజను స్కేలు ప్రకారం సుమారు 220 గ్రాములు. అంత తేలిక ఇంజను చక్రాలు జారకుండా బండి లాగడం కష్టం. అందుకని బాయిలరులో సీసం కూరుతారు. పెద్ద ఇంజను ఆవిరి ఆపేసినా మైళ్లు దొర్లుతుంది. నమూనాకు కరెంటు ఆపితే అక్కడే ఆగుతుంది. మోటారుకు బరువు చక్రం తగిలించి ఆ జడత్వాన్ని కొంత అరువు తెచ్చుకుంటారు. గంటకు వంద మైళ్ల వేగం స్కేలులో సెకనుకి 59 సెంటీమీటర్లే. చాలామంది దీనికి రెట్టింపు వేగంతో నడిపి, ఎంతో కష్టపడి చేసిన ఇంజనును ఆటబొమ్మను చేసేస్తారు.

నమూనా అసలులా కనిపించాలా, అసలులా పనిచేయాలా అన్న తగువు 1920ల్లోనే ఇంగ్లండులో పెద్ద రచ్చయింది. అక్కడి పత్రికల్లో ఎల్‌బీఎస్‌సీ అనే కలంపేరుతో రాసే నిపుణుడు, చిన్న గేజి ఇంజనులోనూ నిజమైన బొగ్గు మంటతో ఆవిరి పుట్టించి మనిషిని లాగించవచ్చని వాదించాడు. హెన్రీ గ్రీన్లీ వంటి రూపకర్తలు స్పిరిట్ దీపాల బాయిలర్ల వైపు నిలిచారు. 1924లో ఎల్‌బీఎస్‌సీ తన రెండున్నర అంగుళాల గేజి ఇంజను 'అయేషా'ను అందరి ముందు నడిపి చూపాక గాలి ఆయన వైపు తిరిగింది. ఆయన బాయిలర్లలో గొట్టాలు అసలులోకన్నా తక్కువ, స్కేలు లెక్కకన్నా లావు. లెక్క ప్రకారం సన్నగా చేస్తే మంట వాటిలోంచి పోదు. పైకి చూస్తే అసలులా, లోపల అసలుకి భిన్నంగా ఉంటేనే అది అసలులా పనిచేస్తుందని ఆయన గ్రహించాడు. దానికి నేరుగా వ్యతిరేకం ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియం. అక్కడ ఆవిరి లేదు, మోటార్లే. రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన మొదలుపెట్టిన ఆ నమూనా ప్రపంచంలో 1920లు, 30ల పల్లెలు, తోటలు, గడ్డికప్పుల ఇళ్లు, వాటి నడుమ గ్రేట్ వెస్టర్న్ అనే రైల్వే కంపెనీ రైళ్లు ఉన్నాయి. గై విలియమ్స్ చేసిన ఇంజన్లు చాలా అక్కడివే. ఆ కాలానికి చెందని బండికి అక్కడ పట్టా మీద చోటుండదు. రెండు దారుల్లో ఏది సరైనదని అడగడం దండగ. ఒకరు ఇంజను ప్రాణాన్ని పట్టుకున్నారు, ఒకరు దాని రోజును పట్టుకున్నారు.

భారతీయ ఇంజన్ల నమూనాలు చేయాలనుకునేవాళ్లకు ఈ లెక్కలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. మెయిళ్లు, ఎక్స్‌ప్రెస్‌లు లాగిన డబ్ల్యూపీ తరగతిలో 1947 నుంచి 1967 దాకా 755 ఇంజన్లు వచ్చాయి. మొదటి 16 అమెరికాలో బాల్డ్విన్ కంపెనీ చేసింది. తర్వాత కెనడా, పోలండ్, ఆస్ట్రియా, చివరికి చిత్తరంజన్. శంకువులాంటి ముక్కు, దాని మీద నక్షత్రం అన్నిటికీ ఉన్నా, బొమ్మ ఒకటే అనుకుంటే పొరపాటు. ఏ షెడ్డుకి ఆ షెడ్డు, ఏ డ్రైవరుకి ఆ డ్రైవరు నక్షత్రానికి రంగులు మార్చేవాడు, ఇత్తడి పట్టీలు తొడిగేవాడు, దసరాకి అలంకరించేవాడు. మద్రాసు–విజయవాడ దారిలో బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్లకు పెద్ద మజిలీ. అలాంటి షెడ్డులో ఒక ఇంజను ఒకనాడు ఎలా ఉందో ఏ డ్రాయింగులోనూ దొరకదు. రిటైరైన డ్రైవర్ల ఇళ్లలో ఇంజను ముందు నిలబడి తీయించుకున్న గ్రూపు ఫొటోలు దీనికి మంచి ఆధారం. అందులో మనుషులు చక్రాలకు అడ్డంగా నిలబడి ఉంటారన్నది వేరే సంగతి. ఢిల్లీ రైలు మ్యూజియంలో బాల్డ్విన్ డబ్ల్యూపీ 7200 ఉంది. ఆకారానికి అది నమ్మదగ్గదే, రంగుకీ అలంకారానికీ మాత్రం ఫొటోనే అడగాలి.

గేజి దగ్గర మనకి తలనొప్పి ఇంకోలా ఉంటుంది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. ప్రపంచమంతా ఎక్కువగా వాడే 87వ వంతు స్కేలులో అది 19.26 మిల్లీమీటర్లు. బజారులో దొరికే 16.5 పట్టా మీద డబ్ల్యూపీని నిలబెడితే దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకు, బ్రిటన్ వాళ్ల పాత అబద్ధం కన్నా కొంచెం పెద్ద అబద్ధం. సరిచేయాలంటే పట్టాలు, చక్రాల ఇరుసులు, పాయింట్లు అన్నీ సొంతంగా చేసుకోవాలి. మీటరు గేజివాళ్లు అదృష్టవంతులు. సికిందరాబాదు–మన్మాడ్, గుంటూరు–గుంతకల్లు దారులు మీటరు గేజిగా ఉన్న రోజుల్లో మీటరు గేజి ప్యాసింజర్లకు వాడిన వైపీ తరగతి ఇంజను అదే స్కేలులో 11.5 మిల్లీమీటర్ల పట్టా అడుగుతుంది. స్విట్జర్లాండ్ కొండ రైళ్ల నమూనాల కోసం 12 మిల్లీమీటర్ల పట్టా ఎప్పటినుంచో తయారవుతోంది. అర మిల్లీమీటరు తేడాతో వైపీ దాని మీద నడుస్తుంది.